స్పార్క్‌లో సొంత అగ్రిగేట్ ఫంక్షన్ రాయడం ఎలా: మెర్జ్‌తో మొదలుపెట్టండి

"సమ్, ఏవరేజ్, కౌంట్ సరిపోవడం లేదు. గ్రూప్ బై మీద మా సొంత లెక్క ఒకటి నడవాలి, ఎలా?" డేటాను చాలా మెషీన్ల మీద పంచి లెక్కలు చేసే స్పార్క్ వాడుతూ ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే అగ్రిగేట్ ఫంక్షన్ (గ్రూపులోని రికార్డులన్నిటికీ కలిపి ఒకే జవాబిచ్చేది) రాసేసి ఉంటారు. లాప్‌టాప్‌లో సరైన జవాబు వస్తుంది, క్లస్టర్ (మెషీన్ల గుంపు) మీద ఇంకోటి వస్తుంది. కొందరికైతే అదే డేటా మీద పొద్దున ఒక నంబరు, సాయంత్రం ఒక నంబరు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, రిపోర్టు మాత్రం తప్పు. అసలు టెన్షన్ అక్కడే.

ఇలాంటి తప్పుల్లో ఎక్కువ శాతం పుట్టేది ఒకేచోట: రెండు పాక్షిక ఫలితాలను కలిపే మెర్జ్ దగ్గర. చాలామంది ముందు ఒక్కో రికార్డును లెక్కలో చేర్చే రెడ్యూస్ రాసి, అది పనిచేశాక, కంపైలర్ అడుగుతోంది కదా అని చివర్లో మెర్జ్ రాస్తారు. ఇక్కడ వరుస తిరగేద్దాం. మెర్జ్ ముందు, మిగతావన్నీ దాని వెనకాల.

చెప్పేదంతా స్పార్క్ 3.0, ఆపై వెర్షన్లకు, స్కాలాలో. పైథాన్ వాళ్ళకు, హైవ్, ట్రినో, ఫ్లింక్ లాంటి వేరే ఇంజన్లు వాడేవాళ్ళకు చివర్లో కొంత ఉంది. కోడ్ మొత్తం ఇక్కడ అచ్చువేయడం లేదు. ఏ భాగంలో ఏం రాయాలో, ఎక్కడ జారిపోతారో చెబుతాను. సింటాక్స్ మీ ఐడీఈ చూసుకుంటుంది.

ఉదాహరణకు తీసుకున్న లెక్క

మిర్చి యార్డు అమ్మకాల పట్టిక అనుకోండి. ఒక్కో రికార్డులో తేదీ, రకం (తేజ, 334, బాడిగ వగైరా), లాట్ నంబరు, క్వింటా ధర, ఎన్ని క్వింటాళ్ళు అన్నవి ఉంటాయి. మనకు కావలసింది: ప్రతి తేదీకి, ప్రతి రకానికి, అత్యధిక ధర పలికిన మూడు లాట్లను తీసుకుని, వాటి తూకాన్ని బట్టి సగటు ధర. కింద వచ్చే ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవే, యార్డు రేట్లు కావు.

కావలసినవి

- స్పార్క్ 3.0 లేదా ఆపై వెర్షన్, స్కాలా నడిచే షెల్ గానీ నోట్‌బుక్ గానీ
- కొన్ని వేల రికార్డుల చిన్న నమూనా డేటా. అందులో నల్‌లు (విలువ లేని ఖాళీలు), సమాన ధరలు, ఒకే లాట్ ఉన్న గ్రూపులు కావాలని పెట్టుకోండి
- అదే లెక్కను నెమ్మదిగానైనా కచ్చితంగా చేసే మామూలు ఎస్‌క్యూఎల్ క్వెరీ ఒకటి. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు. మీ ఫంక్షన్ తప్పు చెబుతోందని పట్టిచ్చే సాక్షి ఇదొక్కటే

1. అసలు అవసరమో కాదో తేల్చుకోండి

సొంత అగ్రిగేట్ అంటే స్పార్క్ ఆప్టిమైజర్‌కు మూతపెట్టిన పెట్టె. లోపల ఏం జరుగుతోందో దానికి తెలియదు. బిల్టిన్ ఫంక్షన్లకు దొరికే కోడ్ జనరేషన్ లాభం దీనికి దొరకదు. కాబట్టి ఇవి ముందు చూడండి.

తూకం వేసిన సగటు మాత్రమే కావాలంటే ధర, క్వింటాళ్ళు గుణించి సమ్ చేసి, క్వింటాళ్ళ సమ్‌తో భాగించండి. పని అయిపోయింది. గుణోత్తర సగటుకు లాగరిథమ్‌ల ఏవరేజ్ తీసి ఎక్స్‌పొనెన్షియల్ వేస్తే చాలు. మీడియన్ లాంటివాటికి పర్సెంటైల్ అప్రాక్స్, వేర్వేరు విలువల అంచనాకు అప్రాక్స్ కౌంట్ డిస్టింక్ట్, ఎక్కువ ధర పలికిన లాట్ నంబరు కావాలంటే మ్యాక్స్ బై ఉన్నాయి.

మన టాప్ మూడు లెక్క కూడా రో నంబర్ విండో ఫంక్షన్‌తో (గ్రూపులో ప్రతి రికార్డుకూ వరుస నంబరు వేసేది) చేయొచ్చు. పాత వెర్షన్లలో దాని ఇబ్బంది ఏమిటంటే మొత్తం రికార్డులన్నీ నెట్‌వర్క్ దాటి, సార్ట్ అయ్యాకే మొదటి మూడు తేలతాయి. స్పార్క్ 3.5 నుంచి రో నంబర్, ర్యాంక్ మీద "మూడు లేదా అంతకన్నా తక్కువ" అని ఫిల్టర్ పెడితే, షఫుల్‌కు (రికార్డులను నెట్‌వర్క్ మీద పంచే దశకు) ముందే కొంత కోత పడే ఆప్టిమైజేషన్ వచ్చింది. మీది 3.5 అయి, ఈ లెక్క ఒకే క్వెరీలో ఒకేసారి వాడేది అయితే విండోతోనే సరిపెట్టుకోండి. నేనైతే అదే చేస్తాను. అదే లెక్క పది క్వెరీల్లో రావాలి, పక్కనే కౌంట్, మ్యాక్స్ లాంటివి ఒకే గ్రూప్ బైలో ఉండాలి అంటే అప్పుడు సొంత ఫంక్షన్‌కు అర్థం ఉంటుంది.

2. మూల కేసుల జవాబులు కాగితం మీద రాసుకోండి

కోడ్ రాశాక ఆలోచిద్దాం అనుకుంటే అప్పుడు కోడ్ ఏం చేస్తే అదే నిర్వచనం అయి కూర్చుంటుంది. ముందే రాసుకోవాల్సినవి:

- గ్రూపులో మూడు కన్నా తక్కువ లాట్లు ఉంటే? (ఉన్నవాటితోనే సగటు.)
- పనికొచ్చే రికార్డు ఒక్కటీ లేకపోతే? (నల్. సున్నా కాదు. మిర్చికి సున్నా ధర పలికిందని రిపోర్టులో పడితే ఫోన్లు మొదలవుతాయి.)
- ధర గానీ క్వింటాళ్ళు గానీ నల్ అయితే? (ఆ రికార్డు వదిలేయాలి.)
- క్వింటాళ్ళు సున్నా అయితే? (వదిలేయాలి, లేదంటే భాగహారం దగ్గర దెబ్బతింటారు.)
- మూడో స్థానంలో రెండు లాట్లు ఒకే ధర పలికితే? (చిన్న లాట్ నంబరుకు చోటు.)

ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ధర సమానమైనా క్వింటాళ్ళు వేరు కాబట్టి ఏ లాట్ లోపలికొస్తే దాన్ని బట్టి సగటు మారుతుంది. ఏ పార్టిషన్ (డేటా ముక్క) ముందు చేరుతుందో స్పార్క్ హామీ ఇవ్వదు. రోజుకో జవాబు రావడానికి ఇదొక్కటి చాలు. టై తెగ్గొట్టే నియమం తప్పనిసరిగా పెట్టండి, అది కూడా ఆ గ్రూపులో మళ్ళీ రాని విలువ మీద పెట్టండి.

3. బఫర్‌లో ఏం ఉండాలో నిర్ణయించండి

స్పార్క్ మీ డేటాను పార్టిషన్లుగా విడగొట్టి, ఒక్కో పార్టిషన్‌లో ఒక్కో గ్రూపుకు ఒక బఫర్ నింపుతుంది. ఆ బఫర్లు నెట్‌వర్క్ మీద ప్రయాణించి ఒకచోట కలుస్తాయి. ఓట్ల లెక్కింపు హాల్లో జరిగేది ఇదే. ఒక్కో టేబుల్ దగ్గర ఎవరికెన్ని ఓట్లో కాగితం మీద రాసి పంపుతారు, అవన్నీ రిటర్నింగ్ అధికారి దగ్గర కలుస్తాయి. ఓట్లు రాయకుండా శాతాలు రాసి పంపితే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

కాబట్టి బఫర్‌కు వేయాల్సిన ప్రశ్న ఒకటే: "అసలు రికార్డులు చూడకుండా, ఇలాంటి రెండు బఫర్లు మాత్రమే చేతికిస్తే సరైన మూడో బఫర్ తయారవుతుందా?"

సగటుతోనే చూడండి. ఒక పార్టిషన్‌లో 18,000, 20,000 ధరల రెండు లాట్లు. సగటు 19,000. ఇంకో పార్టిషన్‌లో 13,000 ఒక్కటే. బఫర్‌లో సగటు మాత్రమే దాచుకుంటే కలిపినప్పుడు 16,000 వస్తుంది. అసలు జవాబు 17,000. సమ్, కౌంట్ రెండూ దాచుకోవాలి, సగటు చివర్లో తీయాలి. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ లెక్క కాస్త పెద్దదైతే ఇదే తప్పు వేషం మార్చి వస్తుంది.

మన లెక్కకు బఫర్ అంటే గరిష్ఠంగా మూడు లాట్ల జాబితా. ఒక్కో లాట్‌కు ధర, క్వింటాళ్ళు, లాట్ నంబరు. జాబితా ఎప్పుడూ ఎక్కువ ధర నుంచి తక్కువకు, ధర సమానమైతే చిన్న లాట్ నంబరు ముందు వచ్చేలా క్రమంలో ఉండాలి. లాట్‌కు ఒక కేస్ క్లాస్, జాబితాకు ఒక కేస్ క్లాస్ పెట్టుకుంటే తర్వాత ఎన్‌కోడర్ (ఆబ్జెక్ట్‌ను స్పార్క్ దాచుకునే రూపంలోకి మార్చేది) దగ్గర సుఖపడతారు.

హెచ్చరిక: "ఎందుకొచ్చిన గొడవ, అన్ని లాట్లూ బఫర్‌లో పెట్టుకుని చివర్లో సార్ట్ చేద్దాం" అనిపిస్తుంది. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ డేటా అంతా బఫర్ రూపంలో షఫుల్ దాటుతుంది, పెద్ద గ్రూపు ఒకటి తగిలితే ఎగ్జిక్యూటర్ (క్లస్టర్‌లో పనిచేసే ప్రాసెస్) మెమరీ చాలక కూలిపోతుంది. బఫర్ సైజుకు హద్దు లేకపోతే సొంత ఫంక్షన్ రాసిన శ్రమంతా వృథా.

4. మెర్జ్ రాయండి

రెండు జాబితాలు వస్తాయి. కలపండి, క్రమంలో పెట్టండి, మొదటి మూడు ఉంచి మిగతావి వదిలేయండి. ఆరుకు మించి ఉండవు కాబట్టి సార్ట్ ఖర్చు గురించి దిగులు అక్కర్లేదు.

కాగితం మీద ఒకసారి చేసి చూద్దాం. మొదటి పార్టిషన్‌లో నాలుగు లాట్లు: 18,000 (10 క్వింటాళ్ళు), 16,500 (4), 19,000 (6), 15,000 (20). రెండో పార్టిషన్‌లో రెండు: 20,000 (5), 14,000 (8).

మొదటి బఫర్: 19,000 (6), 18,000 (10), 16,500 (4).
రెండో బఫర్: 20,000 (5), 14,000 (8).
మెర్జ్ అయ్యాక: 20,000 (5), 19,000 (6), 18,000 (10).

తూకం వేసిన సగటు: 1,00,000 + 1,14,000 + 1,80,000 = 3,94,000. దాన్ని 21 క్వింటాళ్ళతో భాగిస్తే 18,761.90. ఇలా కాకుండా ఒక్కో పార్టిషన్‌లో సగటు తీసేసి (18,000, 16,307.69) వాటిని కలిపి ఉంటే 17,153.85 వచ్చేది. చూడ్డానికి అదీ నమ్మదగ్గ మిర్చి ధరలాగే ఉంది చూడండి, అందుకే ఎవరూ అనుమానించరు.

మెర్జ్ మూడు షరతులు తీర్చాలి. ఎడమ, కుడి మార్చినా అదే ఫలితం రావాలి. మూడు బఫర్లుంటే ఏ రెండు ముందు కలిపినా అదే రావాలి. ఖాళీ బఫర్‌తో కలిపితే ఏమీ మారకూడదు. మీ లెక్క వీటికి లొంగకపోతే కోడ్‌తో మొండికేయకండి. ఉదాహరణకు "వరుసగా ఎన్ని రోజులు ధర పెరిగింది" లాంటి లెక్కకు క్రమం కావాలి, బఫర్లు ఏ క్రమంలో వచ్చి కలుస్తాయో చెప్పలేం. అది విండో ఫంక్షన్ పని.

5. జీరో

బఫర్ ఏ విలువతో మొదలవ్వాలో చెప్పేది ఇది. మనకు ఖాళీ జాబితా. అంతే. కానీ ఇక్కడే రెండు గోతులు ఉన్నాయి.

మొదటిది, తటస్థం కాని మొదటి విలువ. కనిష్ఠ ధర కనుక్కునే ఫంక్షన్‌లో జీరో దగ్గర 0 పెట్టేస్తే ప్రతి గ్రూపు జవాబూ 0 అవుతుంది. పేరు జీరో అయినంత మాత్రాన విలువ సున్నా కానక్కర్లేదు.

రెండోది, మార్చగలిగే ఆబ్జెక్ట్‌ను ఒకేసారి తయారుచేసి ప్రతిసారీ దాన్నే ఇవ్వడం. జీరోను వాల్‌గా (ఒక్కసారే తయారయ్యే విలువగా) రాసి అందులో అరే పెట్టారనుకోండి. స్పార్క్ ప్రతి గ్రూపుకూ జీరోను పిలుస్తుంది, అందరికీ అదే అరే వెళ్తుంది. తేజ ధరలు బాడిగలో కనిపిస్తాయి. జీరోను డెఫ్‌గా రాయండి, పిలిచిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ పుట్టాలి.

6. రెడ్యూస్

ఒక బఫర్, ఒక రికార్డు వస్తాయి. ముందు నల్‌లు, సున్నా క్వింటాళ్ళు వడకట్టండి, ఏదైనా తేడా ఉంటే బఫర్‌ను ఉన్నదున్నట్టు తిరిగివ్వండి. తర్వాత బఫర్ నిండి ఉండి, కొత్త ధర మూడోదానికన్నా తక్కువైతే మళ్ళీ బఫర్‌నే తిరిగివ్వండి. కోట్ల రికార్డుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి, వేగమంతా ఈ ఒక్క పోలికలోనే ఉంది. మిగిలినదానికి ఒక్క లాట్‌తో చిన్న బఫర్ కట్టి మెర్జ్‌ను పిలవండి. నియమం రెండుచోట్ల రాస్తే ఏదో ఒకరోజు ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు.

ఇన్‌పుట్ రకాల విషయంలో జాగ్రత్త. ధర, క్వింటాళ్ళు, లాట్ నంబరు మూడు కాలమ్‌లు కాబట్టి ఇన్‌పుట్‌ను టపుల్‌గా గానీ కేస్ క్లాస్‌గా గానీ పెట్టండి. స్కాలా సాదా డబుల్‌లో నల్‌కు చోటే లేదు. జావా లాంగ్ ప్యాకేజీలోని డబుల్ వాడండి, అప్పుడు నల్ అవునా కాదా అని అడగడం కుదురుతుంది.

నాన్ సంగతి వేరే చెప్పాలి. "సంఖ్య కాదు" అని చెప్పే ఆ విలువను స్పార్క్ ఎస్‌క్యూఎల్ అన్నిటికన్నా పెద్దదిగా చూస్తుంది. స్కాలాలో "పెద్దదా" అని పోలిస్తే మాత్రం ఎప్పుడూ కాదనే వస్తుంది. అంటే మీ సాక్షి క్వెరీలో నాన్ మొదటి స్థానంలో కూర్చుంటుంది, మీ ఫంక్షన్‌లో ఎక్కడుంటుందో పోలిక ఎలా రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండుచోట్లా ముందే తీసేయండి.

7. ఫినిష్

చివరి బఫర్ నుంచి జవాబు తీసేది ఇది. బఫర్ ఖాళీ అయితే నల్, లేకపోతే భాగహారం. ఇక్కడ ఒకే హెచ్చరిక: బఫర్‌ను మార్చొద్దు. రెడ్యూస్, మెర్జ్ వచ్చిన బఫర్‌ను మార్చి తిరిగివ్వొచ్చు, దానికి అనుమతి ఉంది. ఫినిష్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఇదే ఫంక్షన్‌ను ఎవరైనా విండో మీద, "మొదటి నుంచి ఈ రికార్డు వరకు" అని వాడితే ఒకే బఫర్ మీద ఫినిష్ మళ్ళీ మళ్ళీ నడుస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మన బఫర్ ఎప్పుడూ క్రమంలో ఉంటుంది, కూడిక ఫినిష్‌లోనే జరుగుతుంది. అందుకని దశాంశాల తేడా రాదు. బఫర్‌లోనే డబుల్‌లు కూడుకుంటూ పోయే ఫంక్షన్లలో కలిసే క్రమాన్ని బట్టి చివరి అంకెలు మారతాయి. 0.1, 0.2 ముందు కలిపి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది, 0.2, 0.3 ముందు కలిపితే 0.6 వస్తుంది. అలాంటి ఫంక్షన్ రాస్తుంటే డబ్బు లెక్కలకు డెసిమల్ వాడండి, లేదా సరిపోల్చేటప్పుడు చిన్న తేడాను వదిలేయండి.

8. ఎన్‌కోడర్లు పెట్టి రిజిస్టర్ చేయండి

ఈ నాలుగు మెథడ్‌లూ రాసే అగ్రిగేటర్ క్లాస్ రెండు ఎన్‌కోడర్లు అడుగుతుంది, బఫర్‌కు ఒకటి, అవుట్‌పుట్‌కు ఒకటి. బఫర్ కేస్ క్లాస్ కాబట్టి ప్రోడక్ట్ ఎన్‌కోడర్ చాలు. ప్రయారిటీ క్యూ లాంటి జావా క్లాస్ వాడి ఉంటే క్రయో ఎన్‌కోడర్ పెట్టాలి. అవుట్‌పుట్‌కు పెద్ద అక్షరాలతో ఉండే డబుల్ ఎన్‌కోడర్ పెట్టండి. పక్కనే కనిపించే స్కాలాడబుల్ సాదా రకానిది, దానికి నల్ మోసే శక్తి లేదు.

తర్వాత ఫంక్షన్స్ ప్యాకేజీలోని యూడాఫ్ మెథడ్‌తో చుట్టి, సెషన్‌లో ఒక పేరుతో రిజిస్టర్ చేస్తే ఎస్‌క్యూఎల్‌లో మామూలు ఫంక్షన్‌లా వాడుకోవచ్చు. నెట్‌లో దొరికే పాత కోడ్‌లో యూజర్ డిఫైన్డ్ అగ్రిగేట్ ఫంక్షన్ అనే క్లాస్ కనిపిస్తుంది. 3.0 నుంచి దాన్ని పక్కన పెట్టేశారు. అది ప్రతి రికార్డుకూ బఫర్‌ను సీరియలైజ్ చేసి మళ్ళీ విప్పేది, నెమ్మదితనం అక్కడిదే. కాపీ కొట్టేముందు ఏ క్లాస్ మీద రాశారో చూసుకోండి.

9. స్పార్క్ లేకుండా పరీక్షించండి

జీరో, రెడ్యూస్, మెర్జ్, ఫినిష్ నాలుగూ మామూలు మెథడ్‌లే. క్లస్టర్ అక్కర్లేదు. ఒక జాబితా తీసుకోండి. దాన్ని యాదృచ్ఛికంగా కొన్ని ముక్కలు చేయండి, కొన్ని ముక్కలు ఖాళీగా కూడా ఉండనివ్వండి. ఒక్కో ముక్కను జీరోతో మొదలుపెట్టి రెడ్యూస్ చేయండి, వచ్చిన బఫర్లను కలగాపులగంగా మెర్జ్ చేసి ఫినిష్ చేయండి. మొత్తం జాబితాను సార్ట్ చేసి నేరుగా కట్టిన జవాబుతో పోల్చండి. ముక్కలు, క్రమం మారుస్తూ వెయ్యిసార్లు తిప్పండి. క్షణాల్లో అయిపోతుంది. మెర్జ్‌లో తప్పుంటే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది.

ధరలను యాదృచ్ఛికంగా తీసేటప్పుడు పెద్ద పరిధి నుంచి తీయకండి. పది వేర్వేరు ధరలు మాత్రమే ఉండేలా తీస్తే సమాన ధరలు బోలెడు వస్తాయి, టై నియమం నిజంగా పరీక్షకు నిలబడుతుంది.

10. క్లస్టర్ మీద సరిచూడండి

ఒకటి: పార్టిషన్లు మార్చి నడపండి. రీపార్టిషన్ 1, 7, 200 పెట్టి మూడు ఫలితాలూ పోల్చండి. లాప్‌టాప్‌లో చిన్న ఫైలు చదివితే పార్టిషన్ ఒక్కటే ఉండొచ్చు. అప్పుడు మెర్జ్ పిలుపు వస్తుంది గానీ ఖాళీ బఫర్‌తోనే కలుస్తుంది. "లాప్‌టాప్‌లో బాగానే ఉంది" అన్నమాటకు విలువ లేకపోవడానికి కారణం ఇదే.

రెండు: రో నంబర్‌తో రాసుకున్న సాక్షి క్వెరీ ఫలితాన్ని మీ ఫలితంలోంచి ఎక్సెప్ట్‌తో తీసేయండి, తర్వాత తిరగేసి కూడా తీసేయండి. రెండువైపులా సున్నా రికార్డులు రావాలి. ఒకవైపే చూస్తే తప్పిపోయిన గ్రూపులు కనపడవు. సాక్షి క్వెరీ కూడా డబుల్ కూడికలే చేస్తుంది కాబట్టి చివరి అంకెల్లో తేడాలొస్తే రెండిటినీ రెండు దశాంశాలకు రౌండ్ చేసి పోల్చండి. ఒక్క చిక్కు గుర్తుంచుకోండి: రికార్డులన్నీ నల్ అయిన గ్రూపు మీ ఫంక్షన్‌లో నల్‌తో కనిపిస్తుంది, సాక్షి క్వెరీలో ముందే వడకట్టి ఉంటే గ్రూపే కనిపించదు. అది మీ ఫంక్షన్ తప్పు కాదు.

మూడు: ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని స్పార్క్ ఎలా నడపబోతోందో చూపేది) చూడండి. కింద నుంచి పైకి చదివితే ముందు ఆబ్జెక్ట్ హాష్ అగ్రిగేట్, అందులో మీ ఫంక్షన్ పేరుకు ముందు పార్షియల్ అన్న మాట, తర్వాత ఎక్స్చేంజ్ (అంటే షఫుల్), ఆపైన మళ్ళీ ఆబ్జెక్ట్ హాష్ అగ్రిగేట్ ఉండాలి. డేటా ముందే ఆ గ్రూపుల ప్రకారం పంచి ఉంటే ఎక్స్చేంజ్ ఉండకపోవచ్చు. స్పార్క్ యూఐలో షఫుల్‌కు వెళ్ళిన రికార్డుల సంఖ్య, మూల డేటాకన్నా బాగా తక్కువ ఉండాలి. దాదాపు సమానంగా ఉంటే మీ గ్రూపులు మరీ చిన్నవని అర్థం, పాక్షిక లెక్కతో ఒరిగేదేమీ లేదు.

లక్షణం చూసి కారణం పట్టడం

జవాబు తప్పు, కానీ ప్రతిసారీ అదే తప్పు: రెడ్యూస్ లేదా ఫినిష్. నల్, సున్నా కేసులు ముందు చూడండి.

పార్టిషన్లు మారిస్తే జవాబు మారుతోంది: మెర్జ్, లేదా తటస్థం కాని జీరో.

నడిపిన ప్రతిసారీ మారుతోంది: టై నియమం లేదు, లేదా డబుల్ కూడికలు. తేడా చివరి దశాంశాల్లో ఉంటే రెండోది, వందల్లో ఉంటే మొదటిది.

ఒక గ్రూపు విలువలు ఇంకో గ్రూపులో: జీరో ఒకే ఆబ్జెక్ట్‌ను పంచుతోంది.

సరిగ్గా ఉంది కానీ గ్రూపులు పెరిగేకొద్దీ నెమ్మదిస్తోంది: ఈ రకం అగ్రిగేట్‌లో ఒక టాస్క్‌లోని గ్రూపులు డీఫాల్ట్‌గా 128 దాటితే స్పార్క్ హాష్ పద్ధతి వదిలి సార్ట్ పద్ధతికి మారుతుంది. సెట్టింగ్ పేరు చివర సార్ట్‌బేస్డ్, ఫాల్‌బ్యాక్‌త్రెషోల్డ్ అని ఉంటుంది. మనలా చిన్న బఫర్ అయితే దాన్ని వేలల్లోకి పెంచి చూడండి. అది గ్రూపులను లెక్కపెడుతుందే తప్ప మెమరీని కాదు. బఫర్లు బరువైనవైతే పెంచొద్దు.

పైథాన్ వాళ్ళకు

పైస్పార్క్‌లో అగ్రిగేటర్ క్లాస్ నేరుగా రాయలేరు. పాండాస్ యూడీఎఫ్‌లో సిరీస్ తీసుకుని ఒక్క విలువ ఇచ్చే రకం ఉంది, రాయడం చాలా తేలిక. అయితే అందులో పాక్షిక లెక్క లేదు. గ్రూపు మొత్తం ఒక్కచోట మెమరీలోకి వస్తుంది. గ్రూపులు చిన్నవైతే హాయిగా వాడండి. పెద్దవైతే స్కాలాలో రాసి జార్ కట్టి, సెషన్‌లో రిజిస్టర్ చేసే చిన్న మెథడ్ ఒకటి అందులోనే పెట్టి, పైథాన్ నుంచి దాన్ని ఒకసారి పిలవండి. ఆపై ఎస్‌క్యూఎల్‌లో పేరుతో వాడుకోవచ్చు.

వేరే ఇంజన్లలో

పేర్లు మారతాయి, పని మారదు. హైవ్‌లో ఇటరేట్, టెర్మినేట్ పార్షియల్, మెర్జ్, టెర్మినేట్. ట్రినోలో ఇన్‌పుట్, కంబైన్, అవుట్‌పుట్ అనే మూడు యానొటేషన్లు. బిగ్‌క్వెరీ జావాస్క్రిప్ట్ అగ్రిగేట్‌లలో ఇనిషియల్ స్టేట్, అగ్రిగేట్, మెర్జ్, ఫైనలైజ్. పోస్ట్‌గ్రెస్‌లో కంబైన్ ఫంక్షన్ ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వకపోతే ఆ అగ్రిగేట్ సమాంతరంగా నడవదు, అంతే.

హైవ్‌లో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. అది ఒకే ఆబ్జెక్ట్‌ను ప్రతి రికార్డుకూ తిరిగి వాడుకోవచ్చు. వచ్చినదాన్ని అలాగే జాబితాలో వేసుకుంటే చివరికి మూడు స్థానాల్లోనూ ఆఖరి లాటే కనిపిస్తుంది. ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్ యుటిల్స్‌లోని కాపీ మెథడ్‌తో నకలు తీసి దాచుకోండి.

ఫ్లింక్‌లో అక్యుములేట్, మెర్జ్, గెట్ వాల్యూలతో పాటు కొన్ని క్వెరీలకు రిట్రాక్ట్ కూడా అడుగుతుంది, అంటే ముందు కలిపిన రికార్డును వెనక్కి తీయడం. సమ్, కౌంట్‌లకు తీసివేస్తే సరిపోతుంది. మన టాప్ మూడుకు కుదరదు. 20,000 లాట్ రద్దయితే నాలుగోది పైకి రావాలి, మనం దాన్ని ఎప్పుడో పారేశాం. అక్కడ మ్యాప్ వ్యూ లాంటి స్టేట్‌లో లాట్లన్నీ ఉంచుకోక తప్పదు, కాబట్టి ఈ గైడ్‌లోని బఫర్‌ను ఫ్లింక్‌కు యథాతథంగా మోసుకెళ్ళొద్దు.